ఎమ్యులేటరా, విడి యంత్రమా? మ్యాక్ పక్కన పాత పేజ్‌మేకర్ పనిని నడిపే దారి కోసం

గవర్నరుపేట_కంపోజింగ్

అందరికీ నమస్కారం. విజయవాడ గవర్నరుపేటలో మా నాన్నగారు నడుపుతున్న డీటీపీ కేంద్రం విషయంలో ఒక నిర్ణయం తీసుకోవలసి వచ్చింది. ఇలాంటి చిక్కు పడినవారి సలహా కోసం ఈ చర్చ మొదలుపెడుతున్నాను. శుభలేఖలు, కరపత్రాలు, పంచాంగాలు, ఏలూరు రోడ్డు ప్రచురణకర్తల పుస్తకాలు మాకు వచ్చే పని. అదంతా ఇప్పటికీ పేజీలు కూర్చే పాత ప్రోగ్రాము పేజ్‌మేకర్ 7.0 మీదే జరుగుతోంది. దానికి తోడు తెలుగు ఫాంట్ల ప్యాకేజీ ఒకటి, అది తెరుచుకోవడానికి కంప్యూటరు వెనక గుచ్చవలసిన లాకు ఒకటి ఉన్నాయి. ఇవన్నీ విండోస్ ఎక్స్‌పీ ఉన్న ఒక పాత డెస్క్‌టాప్‌లో ఉన్నాయి. పోయిన వేసవిలో అది రెండుసార్లు మొండికేసింది. మొదటిసారి ఎస్‌ఎంపీఎస్ మార్చాం, రెండోసారి మదర్‌బోర్డు మీద ఉబ్బిపోయిన కెపాసిటర్లు మార్పించాం. మూడోసారి బాగుచేసేవారు దొరుకుతారన్న నమ్మకం నాకు లేదు.

నా దగ్గర ఎం2 చిప్ ఉన్న మ్యాక్ మినీ ఉంది. నాకు రెండు దారులు తోచాయి. మ్యాక్ లోపలే ఎమ్యులేటర్, అంటే మరో కంప్యూటరును అనుకరించే ప్రోగ్రాము, పెట్టి అందులో ఎక్స్‌పీని, పేజ్‌మేకర్‌ను నడపడం ఒకటి. ఇంటెల్ ప్రాసెసర్ ఉన్న చిన్న డబ్బా ఒకటి కొని మ్యాక్ పక్కన పెట్టి, దాని తెరను మ్యాక్‌లోనే చూస్తూ పనిచేయడం రెండోది. మొదటిదానికి డబ్బు పెట్టనక్కరలేదు, రెండోదానికి మా బల్ల మీద చోటు లేదు. నాన్నగారిని అడిగితే నడిచేదాన్ని కదపవద్దంటారు. ఉగాది పంచాంగాల పని మొదలయ్యేలోగా ఇది తేలాలి.

బెంజ్_సర్కిల్

ఇందులో ఆలోచించవలసినది ఏమీ లేదు. ఆఫీసుల నుంచి బయటికి వచ్చిన పాత మినీ పీసీలు పదివేల లోపు దొరుకుతున్నాయి. ఒకటి కొనుక్కోండి. ఇంటెల్ ప్రోగ్రాముకు ఇంటెల్ యంత్రమే సరైన ఇల్లు. ఎమ్యులేటర్ల మీద గడిపే రాత్రులకు కూడా ఖరీదు కట్టాలి కదా.

నల్లపెట్టె

బెంజ్_సర్కిల్ గారూ, మీ సలహా చివరికి సరైనదే కావచ్చు గాని, ముందు తేలవలసిన విషయం ఒకటి ఉంది. ఎమ్యులేటర్ అని మనం ఒకే పేరుతో పిలిచేవాటిలో మూడు వేర్వేరు పనులు కలిసిపోయి ఉన్నాయి. వీరి చిక్కు ఆ మూడింటిలోనూ వేరువేరుగా ప్రవర్తిస్తుంది.

మొదటిది వైన్. 1993లో మొదలైన ఈ ప్రాజెక్టు ఎమ్యులేటర్ కాదని దాని పేరులోనే ఉంది. ప్రోగ్రాము విండోస్‌ను అడిగే సేవలను తానే అందిస్తుంది తప్ప ప్రాసెసర్‌ను అనుకరించదు. మ్యాక్‌లో ఆ రెండో పనిని ఇంటెల్ ఆదేశాలను అనువదించే ఆపిల్ వారి రొసెట్టా చేస్తుంది. రెండోది పారలల్స్ వంటి వర్చువల్ యంత్రం, అంటే కంప్యూటరు లోపల మరో కంప్యూటరులా నడిచే ప్రోగ్రాము. ఎం2 ఇంటెల్ జాతిది కాదు, ఆర్మ్ జాతి చిప్ కాబట్టి దాని మీద అది మామూలుగా ఆర్మ్ కోసం చేసిన విండోస్‌నే నడుపుతుంది. పాత ఇంటెల్ ప్రోగ్రాములను అనువదించే పని ఆ విండోస్ తన లోపల చేసుకుంటుంది. మూడోది క్యూఎము. ఫాబ్రిస్ బెలార్ 2003లో బయటపెట్టిన ఈ ప్రోగ్రామే మ్యాక్‌లో వాడే యూటీఎమ్‌కు లోపలి ఇంజను. ఇది ప్రాసెసర్, చిప్‌సెట్, డిస్కు, యూఎస్‌బీ అన్నీ కలిపి ఒక ఇంటెల్ కంప్యూటరు మొత్తాన్ని అనుకరిస్తుంది. ఇంటెల్ ఆదేశాలను చిన్న చిన్న ముక్కలుగా తీసుకుని ఆర్మ్ ఆదేశాలుగా మార్చి దాచుకుంటుంది, అదే ముక్క మళ్లీ వచ్చినప్పుడు దాచినదాన్నే నడుపుతుంది. అయినా మూడింటిలోనూ ఇదే నిదానం.

వేగం ఒక్కటే చూస్తే మూడోదాన్ని ఎవరూ ఎంచుకోరు. అయితే వీరికి లాకు ఉంది, లాకును విండోస్‌కు పరిచయం చేసే డ్రైవర్ ప్రోగ్రాము ఉంటుంది, డ్రైవర్ కెర్నెల్‌లో, అంటే విండోస్ నడిబొడ్డులో, నడుస్తుంది. ఆర్మ్ విండోస్ మామూలు ఇంటెల్ ప్రోగ్రాములను అనువదిస్తుంది గాని ఇంటెల్ కెర్నెల్ డ్రైవర్లను అనువదించదు, ఆర్మ్ కోసమే తయారైన డ్రైవర్ కావాలంటుంది. ఎక్స్‌పీ కాలపు లాకుకు అటువంటి డ్రైవర్ దొరకడం దాదాపు అసాధ్యం. వైన్‌లో కూడా ఇలాంటి డ్రైవర్లు సాధారణంగా పనిచేయవు. కాబట్టి పేజ్‌మేకర్ తెరుచుకుంటుంది, మెనూలు కనిపిస్తాయి, తెలుగు మాత్రం రాదు. యంత్రం మొత్తాన్ని అనుకరించే క్యూఎములో ఎక్స్‌పీ కెర్నెల్ కూడా లోపలే ఉంటుంది గనుక అదే డ్రైవర్‌ను మామూలుగా ఎక్కించుకోవచ్చు, యూఎస్‌బీ లాకును మ్యాక్ నుంచి లోపలికి అప్పగించవచ్చు. నిదానంగా నడిచే దారే ఇక్కడ తలుపు తీస్తుంది.

అందుకే అడుగుతున్నాను. మీ లాకు యూఎస్‌బీదా, లేక ప్రింటరు పోర్టుకు గుచ్చే 25 పిన్నులదా?

పాత_మదర్‌బోర్డు

గుంటూరు బ్రాడీపేటలో కంప్యూటర్ల మరమ్మతు చేస్తూ తల నెరిసినవాణ్ణి. ఈ ప్రశ్న మీ తరంతో మొదలైనది కాదని చెప్పడానికి రాస్తున్నాను.

1980లో మైక్రోసాఫ్ట్ కంపెనీ ఆపిల్ 2 కోసం జెడ్-80 సాఫ్ట్‌కార్డ్ అనే కార్డు అమ్మింది. ఆపిల్ 2లో ఉన్న ప్రాసెసర్ 6502. అప్పట్లో వర్డ్‌స్టార్ వంటి వ్యాపార ప్రోగ్రాములు సీపీ/ఎం అనే ఆపరేటింగ్ సిస్టమ్ మీద, జెడ్-80 ప్రాసెసర్‌తో నడిచేవి. ఆ ప్రాసెసర్‌ను నెమ్మదైన 6502 మీద అనుకరించబోతే పని సాగదు గనుక, ఆ ప్రాసెసర్‌నే కార్డు మీద కూర్చోబెట్టి లోపల గుచ్చారు. అయితే కీబోర్డు, తెర, ఫ్లాపీ డిస్కు మాత్రం ఆపిల్‌వే. కార్డు మీద ఉన్న మెదడు పొరుగింటిది, కాళ్లూ చేతులూ సొంతింటివి. 1994లో ఆపిల్ కంపెనీయే క్వాడ్రా 610 అనే మ్యాక్‌లో 25 మెగాహెర్ట్జ్ ఇంటెల్ 486ఎస్ఎక్స్ ప్రాసెసర్ ఉన్న కార్డు పెట్టి, డాస్ కూడా నడుస్తుందని అమ్మింది. రెండు మీటలు కలిపి నొక్కితే తెర మ్యాక్ నుంచి డాస్‌కు మారిపోయేది. అదే కాలంలో ఇన్సిగ్నియా కంపెనీ సాఫ్ట్‌పీసీ అనే ప్రోగ్రాముతో ఆ పనినే కార్డు లేకుండా చేసింది. అప్పట్లో కార్డుదే పైచేయి. 1997లో కనెక్టిక్స్ వారి వర్చువల్ పీసీ వచ్చేసరికి మ్యాక్ ప్రాసెసర్లు వేగం పుంజుకున్నాయి, కార్డుల మార్కెట్టు తగ్గుముఖం పట్టింది. కార్డు మీది 486 కొన్న రోజున ఎంత వేగమో చివరిదాకా అంతే. సాఫ్ట్‌వేరు మాత్రం కింద ఉన్న కంప్యూటరు మారినప్పుడల్లా దానితోపాటు వేగం పెంచుకుంటుంది.

మన తెలుగుకు కూడా ఈ కథ ఉంది. పుణెలోని సీ-డాక్ వారి జిస్ట్ కార్డు గుర్తున్నవారు ఇక్కడ కొందరైనా ఉంటారు. మామూలు డాస్ ప్రోగ్రాముకు తెలుగు అంటే ఏమిటో తెలియదు. ఈ కార్డు తెరకు పోయే అక్షరాలను దారిలో పట్టుకుని తెలుగు లిపిలో గీసి చూపించేది. డీబేస్ అనే పట్టికల ప్రోగ్రాములో ఊళ్ల పేర్లు తెలుగులో కనిపించడం నేను మొదట చూసినది దానివల్లే. కార్డు తీసేస్తే అదే ఫైలులో పిచ్చి గుర్తులు కనిపించేవి. తరువాత సీ-డాక్ వారే జిస్ట్ షెల్ పేరుతో అదే పనిని కార్డు లేకుండా సాఫ్ట్‌వేరుగా ఇచ్చారు. అప్పుడు కార్డులు పక్కన పెట్టిన ఆఫీసులకు నేనే స్వయంగా వెళ్లి వాటిని విప్పాను. నా బీరువాలో ఒకటి ఇంకా ఉంది, గుచ్చడానికి ఐఎస్‌ఏ స్లాటున్న బోర్డే లేదు.

అదనపు హార్డ్‌వేరును ఎంచుకునేవారు దాన్ని గుచ్చే చోటు ఎంతకాలం ఉంటుందో కూడా చూసుకోవాలి.

మిర్చియార్డు_గుమాస్తా

నాది గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ దుకాణం లెక్కలు చూసే పని. మాది మ్యాక్ కాదు, విండోస్ 11. అయినా చిక్కు ఇటువంటిదే కాబట్టి రాస్తున్నాను. మా దుకాణంలో టిక్కీల (మిర్చి బస్తాల) లెక్క, కాటా, హమాలీ, కమీషన్, చివర రైతుకు ఇచ్చే పట్టీ, అన్నీ డాస్ కాలపు డేటాబేస్ ఫాక్స్‌ప్రోలో రాసిన ప్రోగ్రాములో ఉన్నాయి. రాసిన ఆయన ఇప్పుడు లేరు. 64 బిట్ల విండోస్‌లో ఆ ప్రోగ్రాము అసలు తెరుచుకోలేదు. 64 బిట్ల స్థితిలో నడిచే ప్రాసెసర్‌కు పాత 16 బిట్ల డాస్ ప్రోగ్రాములను నడిపే వర్చువల్ 8086 పద్ధతి అందుబాటులో ఉండదని, అందుకే విండోస్ ఆ 16 బిట్ల భాగాన్ని వదిలేసిందని తరువాత తెలిసింది. పాత మదర్‌బోర్డు ఒకటి కొందామని యజమాని అన్నారు. నేను పాత డాస్ యంత్రాన్ని అనుకరించే డాస్‌బాక్స్-ఎక్స్ పెట్టాను. ఫాక్స్‌ప్రో అందులో హాయిగా నడిచింది.

నడవనివి వేరే ఉన్నాయి. అసలు డాస్‌బాక్స్ ఆటల కోసం తయారైనది కాబట్టి, ప్రింటరు విషయంలోనూ ఇద్దరు గుమాస్తాలు ఒకే ఫైలును తెరిచే విషయంలోనూ దాన్ని నమ్ముకోలేం. డాస్‌బాక్స్-ఎక్స్‌లో ఆ రెండింటికీ ఏర్పాటు ఉంది గాని, డాట్ మ్యాట్రిక్స్ మీద పట్టీ గళ్లు సరిగ్గా పడేలా సరిచేయడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. ఒకసారి కాటాల మధ్యలో కరెంటు పోయి ఇండెక్సు ఫైలు చెడిపోయింది. మళ్లీ ఇండెక్సు కట్టుకునేదాకా పట్టీలు చేత్తో రాశాం. పాత డాస్ యంత్రంలోనూ కరెంటు పోయేది గాని, ఎమ్యులేటర్ కింద విండోస్ కూడా రాతలను కాసేపు తన దగ్గర అట్టిపెట్టుకుంటుందని అప్పుడు గాని తెలియలేదు. ఇప్పుడు యూపీఎస్ లేకుండా తెరవడం లేదు. పెట్టి రెండేళ్లయింది, పాత బోర్డు కొనలేదు.

పాత_మదర్‌బోర్డు

గుమాస్తా గారి మాటకు ఒకటి చేర్చాలి. కొన్ని పాత ప్రోగ్రాములకు అసలు యంత్రం కంటే ఎమ్యులేటరే మేలు. టర్బో పాస్కల్‌లో రాసిన ఒక తూకం ప్రోగ్రాము పెంటియం 2 యంత్రంలో తెరవగానే 200వ నంబరు లోపం చూపించి ఆగిపోయేది. ఆలస్యాన్ని కొలిచే చిన్న లెక్క ఆ భాషతో వచ్చే సీఆర్‌టీ అనే భాగంలో ఉంటుంది. దాదాపు 200 మెగాహెర్ట్జ్ దాటిన ప్రాసెసర్ల మీద ఆ లెక్క భాగహారం పొంగిపోయి ప్రోగ్రాము కూలిపోతుంది. కొత్త యంత్రం కొనేకొద్దీ జబ్బు ముదురుతుంది. డాస్‌బాక్స్‌లో వేగాన్ని కావలసినంత తగ్గించుకోవచ్చు. ఇంటెల్ ప్రోగ్రాముకు ఇంటెల్ యంత్రమే ఇల్లు అన్న బెంజ్_సర్కిల్ గారు దీన్ని కూడా గమనించాలి.

గవర్నరుపేట_కంపోజింగ్

నల్లపెట్టె గారూ, ఇంటికి వెళ్లి డెస్క్‌టాప్ వెనక చూశాను. లాకు ఒకటి కాదు, రెండు ఉన్నాయి. ఇప్పుడు వాడుతున్న ఫాంట్ల ప్యాకేజీది యూఎస్‌బీ. అంతకు ముందు వాడిన పాత ప్యాకేజీది ప్రింటరు పోర్టుకు గుచ్చేది. ఆ పాత ఫాంట్లలో కూర్చిన పుస్తకాలకు ఇప్పటికీ పునర్ముద్రణలు వస్తుంటాయి కాబట్టి దాన్ని కూడా వదలలేమని నాన్నగారు అంటున్నారు. యూఎస్‌బీ నుంచి ప్రింటరు పోర్టుకు మార్చే కేబులు బీసెంట్ రోడ్డులో దొరుకుతోంది. అది సరిపోతుందా?

నల్లపెట్టె

సరిపోదు, కొనవద్దు. ఆ కేబులు ప్రింటరును మాత్రమే అర్థం చేసుకుంటుంది. లాకుకు కావలసినది వేరు. పాత లాకు ప్రోగ్రాము నేరుగా పోర్టు చిరునామా వద్దకు, సాధారణంగా 378 వద్దకు వెళ్లి, పిన్నులను ఒక్కొక్కటిగా పైకీ కిందికీ ఆడించి జవాబు చదువుతుంది. యూఎస్‌బీ కేబులు వెనక ఆ చిరునామాలో ఏమీ ఉండదు. డెస్క్‌టాప్‌లో గుచ్చే పీసీఐ పోర్టు కార్డులు ఉన్నాయి గాని, అవి కూడా వేరే చిరునామాలో కూర్చుంటాయి కాబట్టి కొన్ని లాకులు వాటిని గుర్తించవు. అదనపు హార్డ్‌వేరు అన్నంత మాత్రాన అది అసలు హార్డ్‌వేరు అయిపోదు. మదర్‌బోర్డు మీదే ప్రింటరు పోర్టు ఉన్న యంత్రమే మీ రెండో లాకుకు నమ్మదగినది, అంటే మీ పాత డెస్క్‌టాపే.

మొదటి లాకు యూఎస్‌బీది కాబట్టి ఎమ్యులేటర్‌లో ప్రయత్నించి చూడవచ్చు. మీ లైసెన్సు, మీ లాకు, మీ యంత్రం అన్న హద్దు దాటకండి. లాకును తప్పించే దొంగ ఫైళ్ల లింకులు ఇక్కడ ఎవరూ పెట్టవద్దని కూడా మనవి. ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ భద్రతా నవీకరణలు 2014 ఏప్రిల్ 8తో ఆగిపోయాయి గనుక, ఎమ్యులేటర్ లోపలైనా సరే దానికి ఇంటర్నెట్ ఇవ్వవద్దు.

ప్రూఫులు_దిద్దే_అమ్మాయి

నేను సత్యనారాయణపురంలో ప్రూఫ్‌రీడింగ్ చేస్తాను. ప్రాసెసర్ల గురించి నాకు తెలిసింది తక్కువ. కాని యంత్రం మారినప్పుడు పుస్తకానికి ఏమవుతుందో మాత్రం బాగా తెలుసు. ఒకచోట ఒక పెద్ద గ్రంథాన్ని కొత్త కంప్యూటరులో తెరిచి, ఒక్క అక్షరం కూడా మార్చకుండా ప్రింటు తీశారు. పంక్తులు జరిగాయి, పేజీలు జరిగాయి, విషయసూచికలో అంకెలన్నీ తప్పులయ్యాయి. ముద్రణకు వెళ్లాక గాని చూసుకోలేదు. ఫాంట్లు చెడ్డాయని అందరూ అనుకున్నారు. అసలు కారణం అది కాదు. పేజ్‌మేకర్ ప్రతి దస్తావేజునూ ఒక ఫలానా ప్రింటరును దృష్టిలో పెట్టుకుని కూర్చుతుంది, డాక్యుమెంట్ సెటప్‌లో ఆ ప్రింటరు పేరు కనిపిస్తుంది. కొత్త యంత్రంలో ఆ ప్రింటరు డ్రైవర్ లేకపోతే మరోదానికి సరిపడేలా మళ్లీ కూర్చేస్తుంది. ఎమ్యులేటర్ అయినా, విడి యంత్రమైనా, పాత డెస్క్‌టాప్‌లో ఏ ప్రింటరు పేరు ఉందో అదే డ్రైవర్‌ను ముందుగా ఎక్కించి ఆ తరువాతే ఫైలు తెరవండి. ప్రింటరు నిజంగా ఉండనక్కరలేదు, డ్రైవర్ ఉంటే చాలు.

ఇంకో మాట. పాత_మదర్‌బోర్డు గారు చెప్పిన జిస్ట్ ఫైళ్లలో ఉన్నది ఇస్కీ సంకేతం. అందులో క అన్న అక్షరానికి ఒక అంకె ఉంటుంది. యూనికోడ్‌లో మన లిపుల పట్టికలకు ఇస్కీయే మూలం కాబట్టి ఆ ఫైళ్లను మార్చుకోవడం తేలిక. డీటీపీ ఫాంట్లలో ఉన్నవి అక్షరాలు కావు, అచ్చు దిమ్మల వంటి ముక్కలు. తలకట్టు ఒక ముక్క, ఒత్తు ఒక ముక్క. యంత్రాన్ని ఎంత బాగా అనుకరించినా ఆ పాఠ్యం ఆ ఫాంటు దగ్గర బందీగానే ఉంటుంది. పునర్ముద్రణలు వచ్చే పుస్తకాలనైనా వీలు చూసుకుని యూనికోడ్‌లోకి మార్చి, నాలాంటివారి చేత ఒకసారి చదివించండి. మార్పిడి ప్రోగ్రాములు వట్రుసుడుల దగ్గర, క్రావడుల దగ్గర తడబడుతుంటాయి.

బెంజ్_సర్కిల్

ఇంత చర్చ జరిగాక నా మొదటి మాటను కొంత సవరించుకుంటాను. నేను చెప్పిన మినీ పీసీలో నేరుగా ఎక్స్‌పీ ఎక్కించబోతే డిస్కు కంట్రోలరుకు, గ్రాఫిక్స్‌కు డ్రైవర్లు దొరక్క ఆగిపోవచ్చు. నాకు తెలిసిన ఒక స్టూడియోవారికి అదే జరిగింది. అందులో ఉన్న 64 బిట్ల విండోస్‌లోనే పేజ్‌మేకర్ పెడదామంటే, 32 బిట్ల లాకు డ్రైవర్‌ను అది ఎక్కించుకోదు. అయినా ఎం2 మీద ఇంటెల్‌ను అనుకరించడం కంటే విడి యంత్రమే మేలన్న నా అభిప్రాయం మారలేదు.

నల్లపెట్టె

మీ రెండు మాటలకూ మధ్యలో ఒక దారి ఉంది. మినీ పీసీలో వర్చువల్ యంత్రం పెట్టి, దాని లోపల ఎక్స్‌పీ ఎక్కించడం. ఇంటెల్ ప్రాసెసర్లలో 2005 నుంచి, ఏఎండీలో 2006 నుంచి వర్చువలైజేషన్‌కు హార్డ్‌వేరు తోడ్పాటు ఉంది. కాబట్టి అక్కడ ఆదేశాల అనువాదమే ఉండదు, లోపలి ఎక్స్‌పీ ఆదేశాలు నేరుగా అసలు ప్రాసెసర్ మీదే నడుస్తాయి. డిస్కు, గ్రాఫిక్స్, చిప్‌సెట్ మాత్రం సాఫ్ట్‌వేరు చూపించే బొమ్మలు. అవి ఎక్స్‌పీకి తెలిసిన పాత నమూనాలే కాబట్టి డ్రైవర్ల గొడవ తప్పుతుంది. యూఎస్‌బీ లాకును లోపలికి అప్పగించవచ్చు. మెదడు అసలుది, ఒళ్లు నకలుది. సాఫ్ట్‌కార్డ్‌కు సరిగ్గా తలకిందులు.

ఎమ్యులేటర్‌నూ అదనపు హార్డ్‌వేరునూ రెండు పక్షాలుగా విడదీయడం నాకు అంతగా నచ్చదు. ఎం1 నుంచి ఆపిల్ చిప్‌లలో ఒక విశేషం ఉంది. చిప్‌లో లెక్కలు చేసే భాగాలైన కోర్లలో ఒక కోరు మెమరీలో రాసిన విలువలు మరో కోరుకు ఏ వరుసలో కనిపించాలన్న విషయంలో ఇంటెల్ నియమం కఠినమైనది, ఆర్మ్ నియమం సడలింపుతో కూడినది. అనువాదకుడు ప్రతిచోటా ఆ తేడాను సాఫ్ట్‌వేరుతో పూడ్చబోతే వేగం పడిపోతుంది. అందుకని ఆపిల్ ఇంటెల్ వరుసను పాటించే ఏర్పాటును చిప్‌లోనే పెట్టింది, రొసెట్టా దాన్ని వాడుకుంటుంది. సాఫ్ట్‌వేరు అనువాదం కోసం సిలికాన్‌లో చేసిన సహాయం అది. అదనపు కార్డు ప్రాసెసర్ లోపలికే వెళ్లిపోయిందనుకోండి.

పాత_మదర్‌బోర్డు

అంత దూరం వెళ్లారు కాబట్టి దాని ఆయువు సంగతి కూడా చెప్పాలి. రొసెట్టాను మ్యాక్‌ఓఎస్ 27 వరకే పూర్తిగా ఉంచుతామని, ఆ తరువాత కొన్ని పాత ఆటలకు అవసరమైనంత మేరకే మిగులుస్తామని ఆపిల్ 2025లో ప్రకటించింది. కార్డు ఉన్నంతకాలం నా బీరువాలో ఉంటుంది, పనిచేయించగలనా లేదా అన్నది నా చేతిలో ఉంటుంది. కంపెనీ ఇచ్చిన అనువాదకుడు కంపెనీ ఇష్టం ఉన్నంతవరకే ఉంటాడు. క్యూఎము వంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేరుకు ఆ భయం లేదు కాబట్టి, నిదానమైనా దాన్ని నేర్చుకోవడంలో అర్థముంది. వైన్ మీద పూర్తిగా ఆధారపడి మ్యాక్‌లో దుకాణం నడిపేవారు మాత్రం ఆ ప్రకటనను లెక్కలోకి తీసుకోవాలి.

గవర్నరుపేట_కంపోజింగ్

పది రోజుల ప్రయోగం తరువాత రాస్తున్నాను. ఆలస్యానికి మన్నించండి.

ముందుగా పాత డెస్క్‌టాప్ డిస్కును ఉన్నదున్నట్టుగా ప్రతిబింబం తీసి యూటీఎమ్‌లో పెట్టాను. బూటు అవుతుండగానే నీలి తెర వచ్చింది. డిస్కు కంట్రోలరు మారినందువల్ల ఎక్స్‌పీ తన డిస్కును తానే గుర్తించలేకపోయిందని అర్థమై, ఆ ప్రయత్నం మాని, మా దగ్గరున్న సీడీతో ఎక్స్‌పీని కొత్తగా ఎక్కించాను. దానికే దాదాపు సగం రోజు పోయింది. యూఎస్‌బీ లాకును లోపలికి అప్పగించగానే డ్రైవర్ దాన్ని గుర్తుపట్టింది. తెలుగు టైపు అయింది. నాన్నగారు కుర్చీ లాక్కుని వచ్చి కూర్చున్న క్షణం అది.

రెండు పేరాలు కొట్టి చూశారు. అక్షరాలు వేలికి కొద్దిగా వెనకబడుతున్నాయన్నారు. శుభలేఖ వంటి ఒంటి పేజీ పనికి ఏ ఇబ్బందీ లేదు. రెండు వందల పేజీల పుస్తకంలో మధ్య పేజీకి దూకినప్పుడు తెర మళ్లీ గీసుకునేదాకా ఆగవలసి వస్తోంది. పోస్ట్‌స్క్రిప్ట్ ఫైలుగా తీసి డిస్టిల్లర్‌లో పీడీఎఫ్ చేయడం, పాత డెస్క్‌టాప్‌లో కాఫీ తాగేలోగా అయ్యే పని, ఇక్కడ భోజనం చేసి వచ్చేదాకా సాగింది.

అందుకని బెంజ్_సర్కిల్ గారి డబ్బాను, నల్లపెట్టె గారి పద్ధతిలో కొన్నాను. మినీ పీసీలో వర్చువల్ యంత్రం, దాని లోపల ఎక్స్‌పీ. అక్కడ పేజ్‌మేకర్ వేగం పాత డెస్క్‌టాప్ కంటే ఎక్కువగానే ఉంది. అమ్మాయి గారి సలహా ప్రకారం పాత ప్రింటరు డ్రైవర్‌ను ముందే ఎక్కించి, పోయిన ఏటి పంచాంగాన్ని తెరిచి, ముద్రిత ప్రతిని పక్కన పెట్టుకుని పేజీ పేజీ సరిచూశాను. పంక్తులు ఎక్కడా జరగలేదు. ఒక పుస్తకంలో మాత్రం జరిగాయి. దాన్ని కూర్చిన ప్రింటరు పేరు వేరని చివరికి తేలింది, ఆ డ్రైవర్ కూడా ఎక్కించాక సర్దుకుంది. మినీ పీసీని బల్ల కింద బిగించాం, తెరను మ్యాక్‌లోనే చూస్తున్నాం. వర్చువల్ యంత్రం ఫైలుకు రెండు నకళ్లు తీసి ఒకటి ఇంట్లో పెట్టాను.

మ్యాక్‌లోని యూటీఎమ్ ఏర్పాటును తీసెయ్యలేదు. డబ్బా చెడిపోయిన రోజున లాకు ఇటు గుచ్చుకుని కనీసం దిద్దుబాట్లయినా చేసుకోవచ్చు.

25 పిన్నుల లాకు మాత్రం పాత డెస్క్‌టాప్‌కే ఉంది. దానికి సీమాస్ బ్యాటరీ మార్చి, దుమ్ము దులిపి, మూలన పెట్టాం. పునర్ముద్రణ వచ్చినప్పుడే ఆన్ చేస్తాం.

ప్రూఫులు_దిద్దే_అమ్మాయి

ఆ పాత ఫాంట్ల పుస్తకాలు మొత్తం ఎన్ని ఉన్నాయండీ?

గవర్నరుపేట_కంపోజింగ్

లెక్క వేస్తే నలభై ఒకటి తేలాయి. వాటిలో ఈ పదేళ్లలో మళ్లీ అచ్చు వేసినవి ఆరే. ముందు ఆ ఆరింటినీ యూనికోడ్‌లోకి మార్చి మీకు పంపుతాను, మీ రేటు విడిగా సందేశంలో చెప్పండి. మిగతా ముప్పై అయిదింటి సంగతి ఆ డెస్క్‌టాప్ ఎన్నాళ్లు నడుస్తుందో చూసి ఆలోచిస్తాం.